పద్నాలుగో మాట

మేజర్ కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు మైకులోంచి మైదానమంతా వినిపించింది. అప్పటిదాకా పగలబడి నవ్వుతున్న ఎనిమిది వందల మంది పిల్లలు ఠక్కున నోళ్లు మూసుకున్నారు.

ఆగనిది ఒక్కతే. వేదిక మీద నిలబడి దేశభక్తి ప్రసంగం చదువుతున్న తొమ్మిదో తరగతి అమ్మాయి. చేతిలో నీలం ఫైలు, ఫైల్లో రెండు కాగితాలు. రెండో కాగితం చివరికి వచ్చేసింది. గొంతు వణకడం లేదు. ఖంగుమనే ఆ గొంతు వల్లే ఆమెకు స్కూల్లో ‘రేడియో’ అని పేరు పడింది.

ఆమె ఇంగ్లీషులో చదువుతున్నది ఏమిటంటే, మన వీరులు ‘నో క్యాప్’, అంటే ఒట్టు, అబద్ధం కాదు, లెజెండ్సు బ్రో. శత్రువు మీదికొస్తే ‘చిల్’ అన్నారు. తుపాకి గుండు తగిలితే ‘నో బిగ్గీ’, అంటే అదేం పెద్ద విషయం కాదు, అన్నారు. సరిహద్దులో కాలక్షేపానికి ‘హ్యాంగ్ అవుట్’ చేశారు. ఒక్కో మాటకీ పిల్లలు బెంచీలు చరిచారు. టీచర్లు తలలు పట్టుకున్నారు. అంతవరకూ ముఖ్య అతిథి మేజర్ కదలకుండానే కూర్చున్నాడు. ఆ తర్వాతి వాక్యానికి లేచాడు. కొండ మీద వీరులంతా ‘బాట్ ద ఫార్మ్’ అని చదివింది రేడియో.

ఆ మాటకి పిల్లలెవరూ నవ్వలేదు. ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైనట్టు కనిపించింది ఇద్దరికే. ఒకరు మేజర్. రెండోది, మూడో వరసలో కూర్చున్న ఇంగ్లీష్ టీచరు.

వేదిక మీద ఇంకొకరు కూడా ప్రసంగం మొదలైనప్పట్నుంచీ లేవబోతూనే ఉన్నారు. వైస్ ప్రిన్సిపల్. ముప్ఫై ఏళ్ల సర్వీసున్న మనిషి. అందరూ పెద్ద సారు అంటారు. రేడియోకి స్వయానా తాత. కుడిచేయి కోటు లోపలికి పెట్టుకుని, ఛాతీ దగ్గర ఏదో అదిమి పట్టుకున్నట్టు నిలబడ్డారు. ప్రిన్సిపల్ మేడమ్ కంగారుగా నీళ్ల సీసా అందించింది. “నొప్పిగా ఉందా సార్?” అంది. ఆయన చేయి బయటికి తీసి, ఏం లేదన్నట్టు తల ఊపి కూర్చున్నారు.

రేడియో చివరి వాక్యం చదివి, ఫైలు మూసి, జెండాకి సెల్యూట్ చేసి మెట్లు దిగింది.

అప్పుడు టైము తొమ్మిదిన్నర.

*

పది గంటలకి ప్రిన్సిపల్ గదిలో ఇంగ్లీష్ టీచరు ముందు ఒక తెల్లకాగితం, ఒక పెన్ను పెట్టి ఉన్నాయి.

“రాజీనామా రాసేయండి,” అంది ప్రిన్సిపల్. “పన్నెండింటికి మేజర్ గారు ఇక్కడికి వస్తున్నారు. బాధ్యులెవరో చెప్పమన్నారు. రాతపూర్వకంగా క్షమాపణ అడిగారు. ఆయన చేతిలో పెట్టడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉండాలి.”

“నేనేం చేశాను మేడమ్?”

“గోడ మీద స్లాంగు పాఠాలు చెప్పేది మీరా, నేనా?”

చెప్పేది టీచరే. ప్రతి సోమవారం తొమ్మిదో తరగతి తలుపు పక్క గోడకి ఆమె ఒక అట్ట అతికిస్తుంది. ‘ఈ వారం మాట’ అని పైన రాసి ఉంటుంది. బయట జనం నిజంగా మాట్లాడే ఇంగ్లీషు పిల్లలకి తెలియాలని ఆమె పట్టుదల. ఆ అట్ట చదవడానికి పక్క తరగతుల పిల్లలు కూడా నీళ్లు తాగే వంకతో వచ్చిపోతుంటారు.

పక్క కుర్చీలోంచి పెద్ద సారు అందుకున్నారు. “నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నానమ్మా. వీధి భాష గోడెక్కితే ఏదో ఒకరోజు స్టేజీ కూడా ఎక్కుతుందని. నా మనవరాలి పరువు పోయింది. నా పరువు పోయింది. ఊరంతా ఫోన్లలో చూస్తోంది.”

“అసలు ప్రసంగంలో ఆ మాటలు లేవు సార్. మీకూ తెలుసు.”

లేవు. ఈ స్కూల్లో పద్ధతి ప్రకారం వేదిక మీద చదివే ప్రతి ప్రసంగం మూడు ప్రతులు టైపవుతుంది. ఒకటి ఆఫీసు ఫైలుకి, ఒకటి ముఖ్య అతిథికి, ఒకటి చదివే పిల్లకి. ప్రతి పేజీ కింద ప్రిన్సిపల్ ఆకుపచ్చ సిరాతో సంతకం పెడుతుంది. సంతకం పడ్డాక కామా కూడా కదపకూడదు. ఆ నియమం పెట్టింది పెద్ద సారే. నాలుగేళ్ల కిందట ఒక కుర్రాడు ప్రసంగం మధ్యలో సొంత కవిత్వం అందుకుని, మరుగుదొడ్లలో కుళాయిలు రావడం లేదని కలెక్టరుకి వేదిక మీంచే ఫిర్యాదు చేశాడు. అప్పట్నుంచీ ఆకుపచ్చ సంతకమంటే పిల్లలకి శిలాశాసనం.

రేడియో చదివిన రెండు కాగితాలూ ఇప్పుడు బల్ల మీద ఉన్నాయి. రెండిటి కిందా ఆకుపచ్చ సంతకం ఉంది.

“ఇది మీ సంతకమే కదా మేడమ్?”

ప్రిన్సిపల్ మొహం ఒక్క క్షణం పాలిపోయింది. “పన్నెండింటిదాకా టైముంది. ఆలోచించుకుని రాయండి,” అంటూ పెన్ను ముందుకి తోసింది.

టీచరు కాగితం తీసుకుంది. పెన్ను తీసుకోలేదు. రెండేళ్లుగా ఆమెది తాత్కాలిక ఉద్యోగం. పర్మినెంటు ఆర్డరు ఈ శుక్రవారం రావాలి. దేశభక్తి ప్రసంగాన్ని నవ్వులపాలు చేసిందన్న ముద్రతో బయటికెళితే ఇంకో స్కూలు గేటు కూడా తెరుచుకోదు. ఆమె చేతిలో ఉన్నది రెండు గంటలు.

*

ఆఫీసు గదిలో టైపిస్టు చెమటలు కక్కుతోంది. వేళ్ల వేగం చూసి అందరూ ఆమెని ‘టకటక’ అంటారు. ఇవాళ ఆ వేళ్లు చున్నీ కొస మెలితిప్పుతున్నాయి.

“అక్కా, నన్నేం అడక్కు. నాకేం తెలీదు.”

“నేనింకా ఏం అడగలేదే!”

“అడుగుతావుగా! అందుకే ముందే చెప్పేస్తున్నా.”

టీచరు స్టూలు లాక్కుని కూర్చుంది. “మేడమ్ సంతకం దొంగది కాదు. నేను చూశాను. నువ్వు టైపు చేసింది మంచి ప్రసంగం. మేజర్ చేతిలో ఉన్నది అదే. మరి మేడమ్ సంతకంతో ఈ చెత్త ఎలా వచ్చింది?”

టకటక తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. “చెబితే నా ఉద్యోగం ఊడుతుంది.”

“చెప్పకపోతే నాది ఊడుతుంది. పన్నెండింటికి.”

టకటక బల్ల సొరుగు తాళం తీసి ఒక కవరు బయటికి లాగింది. అందులో తెల్లకాగితాలున్నాయి. అక్షరం ముక్క లేదు. కింద మాత్రం ఆకుపచ్చ సంతకాలు.

టీచరు ఒక్కో కాగితం తిరగేసింది.

“మేడమ్ వారానికి రెండ్రోజులు హెడ్డాఫీసుకి పోతారు కదా. పని ఆగకూడదని ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి పోతారు. సర్క్యులరైనా, ప్రసంగమైనా దీని మీదే ప్రింటు తీస్తా. ఈ సంగతి బయటికొస్తే మొదట పోయేది మేడమే. అందుకే నిన్ను తొందరపెడుతున్నారు.”

“తాళాలు ఎన్ని?”

“రెండు. నా దగ్గరొకటి, పెద్ద సారు దగ్గరొకటి. పెద్ద సారు సొంత మనవరాలికి గొయ్యి తవ్వుతారా? ఇంక మిగిలింది నేనేగా!” టకటక కళ్లు తుడుచుకుంది. “అక్కా, ఒట్టేసి చెబుతున్నా. ఆ మాటలు టైపు చేయాలంటే ముందు నాకు రావాలి కదా. ఆ ‘ఫార్మ్’ ఏంటో నాకు ఇప్పటికీ తెలీదు. పొలం కొంటే తప్పేముంది? అంతపెద్ద మేజర్ ఎందుకలా లేచాడు?”

“సైన్యంలో అది చచ్చిపోయాడని చెప్పడానికి వాడే మాట. వాళ్లలో వాళ్లు అనుకుంటే సరే. చనిపోయినవాళ్ల గురించి స్టేజీ మీద అంటే...” టీచరు మధ్యలో ఆగింది. “టకటకా, ఆ మాట నీకు తెలీదా?”

“ఇప్పుడేగా నువ్వు చెప్పావు!”

“గోడ మీద ఎప్పుడైనా చూశావా?”

“నీ గోడ నేను వారం వారం చదువుతా అక్కా. మా ఆయన మీద వాడతా కూడా. మొన్న కూరలో ఉప్పెక్కువైందంటే ‘నో బిగ్గీ’ అన్నా. ఈ పొలం సంగతి మాత్రం ఎప్పుడూ లేదు.”

లేదు. గోడ మీద ఎప్పుడూ లేదు.

టీచరు స్టాఫ్ రూముకి పరుగులాంటి నడకతో వెళ్లింది. ఆమె అరలో పుస్తకాల అడుగున ఒక పాత కవరు ఉంది. అందులో మొదటి టర్ములో తను తయారుచేసిన ఇరవై మాటల జాబితా. గోడకెక్కే ముందు దానికి ఆమోదం కావాలన్నారు. ఆమోదించాల్సింది వైస్ ప్రిన్సిపల్. ఆ రోజు ఆయన జాబితా అంతా చదివి, పద్నాలుగో నంబరు దగ్గర వేలు పెట్టి అర్థమేమిటని అడిగారు. ఆమె చెప్పింది. “చావుని పొలం బేరంలా చెప్పుకుంటారా? బాగుందమ్మా మీ ఇంగ్లీషు!” అని ఎర్ర పెన్సిలుతో అడ్డంగా కొట్టేశారు.

టీచరు కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. పద్నాలుగో మాట మీద ఎర్రగీత. పక్కన ఆయన పొడి అక్షరాలు.

రేడియో చదివిన కాగితాల్లో ఏడు మాటలున్నాయి. ఆరు గోడ మీద ఉన్నవి. ఏడోది ఈ ఎర్రగీత కిందిది.

*

రేడియో లైబ్రరీలో చివరి బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు తెరిచిన అట్లాసు ఉంది కానీ చూపు దాని మీద లేదు.

టీచరు ఎదురుగా కూర్చుంది. “స్టేజీ మీద అంత ధైర్యంగా చదివావు. ఇప్పుడు మొహం చాటేస్తున్నావేంటి?”

“సంతకం ఉంది టీచర్. కామా కూడా కదపకూడదు కదా.”

“నీ సొంత ప్రసంగం నీకు నోటికొచ్చు. మూడు వారాలు నాకు వినిపించావు. మీ వీధి చివర సైకిళ్లు బాగుచేసే ఆ మాజీ సిపాయి గురించి. యుద్ధం గురించి ఎవరడిగినా పంక్చర్ వేస్తూ తల ఎత్తని మనిషి గురించి. ఫైలు పక్కన పెట్టేసి అది చెప్పి ఉండొచ్చు.”

రేడియో పెదవి కొరుక్కుంది.

“ఫైలు ఎక్కడ తెరిచావు?”

“మైకు దగ్గరే.”

“అంతకుముందు ఎవరి దగ్గరుంది?”

అమ్మాయి అట్లాసు పేజీ తిప్పింది. తలకిందులుగా ఉందని కూడా చూసుకోలేదు.

టీచరు లోగొంతుతో అంది. “చూడమ్మా, నీచేత బలవంతంగా చెప్పించను. నీకు ఇల్లూ బడీ ఒక్కటే. నాకు అర్థమవుతుంది. కానీ పన్నెండింటికి నన్ను పంపించేస్తున్నారు. ఆ సంగతి నీకు తెలియకుండా జరిగితే రేపు నువ్వే బాధపడతావు. అందుకని చెప్పాను.”

రేడియో కళ్లు ఒక్కసారి పైకి లేచాయి. మళ్లీ దిగిపోయాయి.

ఈ స్కూల్లో ఇంకో నియమం కూడా ఉంది. అది ఏ కాగితం మీదా లేదు. గేటు దాటాక రేడియో తన తాతని సార్ అనే పిలవాలి. ఒకటో తరగతిలో ఒకసారి నోరు జారి ప్రార్థన వరసలో ఇంటి పిలుపు పిలిచింది. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. వాళ్ల నాన్న ఇప్పటికీ ఆయన ముందు కుర్చీలో కూర్చోడు. ఎనిమిదేళ్లలో రేడియో మళ్లీ తప్పు చేయలేదు.

*

పన్నెండుకి ఐదు నిమిషాలు తక్కువ. ప్రిన్సిపల్ గదిలో ఐదుగురు, పిలిపించిన రేడియోతో కలిపి.

మేజర్ చేతికర్రని కుర్చీకి ఆనించి కూర్చున్నాడు. ఎడమ చేతికి మూడు వేళ్లే ఉన్నాయి. తన ప్రతిని బల్ల మీద పరిచాడు. “నా చేతిలో ఉన్నది ఒకటి, ఆ పిల్ల చదివింది ఇంకొకటి. ఇందులో సైకిలు షాపు సిపాయి ఉన్నాడు. మంచి ప్రసంగం. నేను వినాలని వచ్చింది ఇదే. దీన్ని మింగేసింది ఎవరు?”

“మా ఇంగ్లీష్ టీచరు రాజీనామా...” ప్రిన్సిపల్ మొదలుపెట్టింది.

“రాయలేదు,” అంది టీచరు. జాబితా తీసి మేజర్ ముందు పెట్టింది. “సార్, పద్నాలుగో నంబరు చూడండి.”

మేజర్ కళ్లజోడు సర్దుకున్నాడు. “ఇది మీరు పిల్లలకి నేర్పారా?”

“లేదు సార్. నేర్పుదామనుకున్నాను. వద్దని కొట్టేశారు. కొట్టేసినవారిదే న్యాయం, ఇవాళ నాకూ తెలిసింది. కానీ అది గోడ మీదికి రాలేదు, పిల్లల చెవిన పడలేదు. ఈ స్కూల్లో ఆ మాట చూసింది ఇద్దరం. రాసిన నేను, కొట్టేసిన చేయి.”

మేజర్ ఎర్రగీత పక్కనున్న పొడి అక్షరాలు చూసి, పెద్ద సారు వైపు తలెత్తాడు.

పెద్ద సారు నవ్వారు. “బాగుందమ్మా డిటెక్టివు పని. నా మనవరాలిని నేనే నవ్వులపాలు చేసుకుంటానా? ఎందుకు చేసుకుంటాను?”

“పందొమ్మిదేళ్లు ఈ వేదిక మీద చదివిన ప్రతి ప్రసంగం మీరే రాశారు సార్. ఈ ఏడాది మొదటిసారి ఒక పిల్ల తనది తనే రాసుకుంది. ఆ పిల్ల మీ ఇంట్లోదే.”

“అయితే?”

“మధ్యలో ఆగిపోతుందనుకున్నారు. ఏడుస్తుందనుకున్నారు. అప్పుడు ఆదుకోవడానికి మీరు పక్కనే ఉన్నారు. మీరు లేచింది నొప్పి వచ్చి కాదు.” టీచరు ఆయన కోటు వైపు చూసింది. “ఆ లోపలి జేబులో ఉన్న కాగితం ఒకసారి చూపిస్తారా సార్?”

పెద్ద సారు చేయి అప్రయత్నంగా ఛాతీ మీదికి వెళ్లింది. “మందుల చీటీ. అది కూడా మీకు చూపించాలా?” గొంతు పెంచారు. “కొట్టేశాక ఆ జాబితా వారం రోజులు మా ఇంట్లో బల్ల మీద పడుంది. ఎవరైనా చూసి ఉండొచ్చు. ఈ పిల్లే చూసి ఉండొచ్చు. నలుగురినీ నవ్విద్దామని ఈ పిల్లే రాసుకుని ఉండొచ్చు!”

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనకే వినిపించినట్టుంది. ఆగిపోయారు.

తలుపు దగ్గర నిలబడి ఉన్న రేడియో ఆయన్నే చూస్తోంది. ఏడుపు లేదు. ఉదయం మైకు ముందు నిలబడ్డట్టే, చేతులు పక్కలకి ఆనించి నిలబడింది.

ప్రిన్సిపల్ ఆ అవకాశాన్ని వదులుకోలేదు. “నిజమేనామ్మా? నువ్వే రాసుకున్నావా?”

“కాదు మేడమ్.”

“మరి ఆ కాగితాలు నీకెలా వచ్చాయి?”

“ఫైలు నిన్న రాత్రి నా బ్యాగులో పెట్టుకున్నాను. పొద్దున లేచేసరికి బ్యాగులో లేదు. కారులో వెనక సీటు మీద ఉంది. స్టేజీ మెట్ల దగ్గర నా చేతికొచ్చింది. ‘బాగా చదువు’ అని చెప్పి ఇచ్చారు.” గొంతు మామూలుగానే ఉంది. “మైకు దగ్గర తెరిచాక నాది కాదని తెలిసింది. పక్కకి చూశాను. అప్పటికే లేవబోతున్నారు. చేయి జేబులో ఉంది. కొంచెం కాగితం బయటికొచ్చింది, పసుప్పచ్చగా. అది మందుల చీటీ కాదు. ఇంట్లో బీరువాలో ఉండే పాత ప్రసంగం. నేను ఆగితే దాన్ని నా చేతికిచ్చి చదవమనేవారు. అందుకే ఆగలేదు.”

“తెలిసే చదివావా?” అన్నాడు మేజర్.

“తెలిసే చదివాను సార్. ఆ పొలం మాటకి అర్థం మాత్రం తెలీదు. తెలిస్తే అక్కడ ఆగేదాన్ని. క్షమించండి.”

మేజర్ ఆమెని కొంతసేపు చూశాడు. తల ఒక్కసారి ఆడించాడు. తర్వాత తన మూడు వేళ్ల చేత్తో బల్ల మీది ఆకుపచ్చ సంతకాల కాగితాలని ఆమె వైపు తిప్పాడు.

“నీకు ఈ ఫైలు చేతికిచ్చింది ఎవరు? పేరు కావాలి. గట్టిగా చెప్పు.”

పెద్ద సారు గొంతు సవరించుకున్నారు. ఇంట్లో అందరినీ ఆపేసే చప్పుడది. టకటక తలుపు సందులోంచి తొంగిచూస్తోంది. బల్ల మీద రాజీనామా కోసం పెట్టిన తెల్లకాగితం ఫ్యాను గాలికి అంచు లేస్తోంది.

రేడియో ఒకసారి ఇంగ్లీష్ టీచరుని చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగింది. స్కూలు గేటు లోపల ఎనిమిదేళ్లుగా అనని మాట, కారిడారు చివరిదాకా వినిపించేలా ఖంగున అంది.

“తాతయ్య.”